పార్వతీపురం తీర్పు: నియోజకవర్గాల సరిహద్దులూ, అల్పసంఖ్యాకుల ఓటు బలమూ

1957లో జరిగిన రెండవ సార్వత్రిక ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం నుంచి వచ్చిన ఫలితం దేశమంతటినీ ఆశ్చర్యపరచింది. అది ఇద్దరు సభ్యులను ఎన్నుకొనే నియోజకవర్గం. అందులో ఒక స్థానం షెడ్యూల్డ్ తెగలకు ప్రత్యేకించినది, రెండవది సాధారణ స్థానం. కార్మికోద్యమ నాయకుడూ, కేంద్రంలో కార్మిక శాఖ మాజీ మంత్రీ అయిన వి.వి. గిరి సాధారణ స్థానానికి పోటీచేశారు. ఓట్ల లెక్కింపు ముగిసేసరికి బిడ్డిక సత్యనారాయణకు 1,26,792 ఓట్లు, దిప్పల సూరిదొరకు 1,24,604 ఓట్లు, గిరికి 1,24,039 ఓట్లు వచ్చాయి. మొదటి ఇద్దరూ షెడ్యూల్డ్ తెగలకు చెందినవారే. ఎక్కువ ఓట్లు వచ్చిన సత్యనారాయణ ప్రత్యేక స్థానానికి ఎన్నికైనట్లు ప్రకటించిన అధికారులు, మిగిలిన వారిలో అధిక సంఖ్యలో ఓట్లు పొందిన సూరిదొర సాధారణ స్థానానికి ఎన్నికైనట్లు ప్రకటించారు. 565 ఓట్ల తేడాతో గిరి ఓడిపోయారు.

భావికాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన ఒక నాయకుని జీవితంలో ఇది చిన్న అవాంతరంగా మిగిలిపోయింది. కాని భారత ఎన్నికల చరిత్రలో దీని ప్రాధాన్యం అంతటితో తీరలేదు. ఈ ఫలితంపై నడచిన వ్యాజ్యం, ఆ తరువాత పార్లమెంటు చేసిన చట్టం, ఆ చట్టం తెచ్చిన కొత్త సరిహద్దులు కలసి ఒక మౌలికమైన ప్రశ్నను ముందుకు తెచ్చాయి. సంఖ్యాబలం తక్కువగా ఉన్న వర్గానికి చట్టసభలో స్థానం హామీ ఇవ్వడం ఒకటి. ఆ వర్గపు ఓటుకు బలం కల్పించడం మరొకటి. ఈ రెండూ ఒకటేనా? గడచిన శతాబ్దపు చరిత్రను పరిశీలిస్తే ఈ రెండూ ఒకటి కావనీ, ఒకదానిని పెంచే ప్రయత్నంలో రెండవది తగ్గిన సందర్భాలు అనేకం ఉన్నాయనీ స్పష్టమవుతుంది.

పూర్వరంగం

ఈ ప్రశ్న స్వాతంత్ర్యానంతరం పుట్టినది కాదు. 1909 నాటి శాసనం ముస్లిములకు ప్రత్యేక నియోజకగణాలను ఏర్పరచింది. అనగా ఆ స్థానాలకు ముస్లిం అభ్యర్థులను ముస్లిం ఓటర్లే ఎన్నుకుంటారు. 1919 సంస్కరణల తరువాత మద్రాసు రాష్ట్రంలో మరొక మార్గాన్ని అనుసరించారు. బ్రాహ్మణేతరుల కోసం 28 స్థానాలు ప్రత్యేకించారు గాని, వారికి వేరుగా ఓటర్ల జాబితా పెట్టలేదు. ఒకరికంటె ఎక్కువమంది సభ్యులను ఎన్నుకొనే నియోజకవర్గాలలో అందరూ కలసి ఓటు వేస్తారు; నిర్ణీతమైన స్థానాలు మాత్రం బ్రాహ్మణేతరులకు దక్కుతాయి. జనాభాలో అధిక సంఖ్యాకులైన ఆ వర్గాలవారు ఎన్నికలలో ప్రత్యేకించిన సంఖ్య కంటె ఎక్కువ స్థానాలే గెలుచుకున్నారు. ఉమ్మడి జాబితా, ప్రత్యేక స్థానం అనే ఈ జోడింపు తరువాతి కాలపు ద్విసభ్య నియోజకవర్గాలకు ఒక విధంగా పూర్వరూపం.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు నాడు అణగారిన వర్గాలుగా వ్యవహరింపబడిన దళితులకు రెండు ఓట్లు ఇచ్చింది: తమ ప్రత్యేక స్థానంలో తామే వేసుకొనే ఓటు ఒకటి, సాధారణ నియోజకవర్గంలో అందరితోపాటు వేసే ఓటు మరొకటి. దీనికి వ్యతిరేకంగా గాంధీజీ ఎరవాడ జైలులో సెప్టెంబరు 20న నిరాహార దీక్ష ప్రారంభించారు. 24వ తేదీన పూనా ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం రాష్ట్ర శాసనసభలలో దళితులకు 148 స్థానాలు లభించాయి. అంతకు ముందు ప్రకటించిన దానికి ఇది దాదాపు రెట్టింపు. అందులో మద్రాసు రాష్ట్రానికి 30 స్థానాలు వచ్చాయి. ప్రతిగా ప్రత్యేక నియోజకగణం రద్దయింది. దళిత ఓటర్లు ప్రాథమిక ఎన్నికలో నలుగురు అభ్యర్థులను ఎంపిక చేయాలి. ఆ నలుగురిలో ఒకరిని ఉమ్మడి ఓటర్లు ఎన్నుకోవాలి. స్థానాల సంఖ్య పెరిగింది, కాని తుది నిర్ణయం తమ చేతినుంచి జారిపోయింది. డాక్టర్ అంబేడ్కర్ ఈ ఒడంబడికపై సంతకం చేసినప్పటికీ దాని ఫలితాలపట్ల ఆయన అసంతృప్తి చివరిదాకా కొనసాగింది.

1937 ఎన్నికలలో బొంబాయి రాష్ట్రంలో అనుసరించిన ఓటు పద్ధతి ఈ లోటును కొంత పూడ్చింది. ఒక నియోజకవర్గంలో ఎన్ని స్థానాలుంటే ఓటరుకు అన్ని ఓట్లు ఉండేవి. ఆ ఓట్లన్నిటినీ కోరుకుంటే ఒకే అభ్యర్థికి వేయవచ్చు. అల్పసంఖ్యాకులు తమ ఓట్లను ఒక్కచోట కూడగట్టుకుంటే వారి బలం సంఖ్యకు మించి వ్యక్తమయ్యేది. అంబేడ్కర్ స్థాపించిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ ఆ ఎన్నికలలో సాధించిన విజయాలకు ఈ పద్ధతి తోడ్పడింది.

రాజ్యాంగ సభలో ఒక సవరణ

1947 ఆగస్టులో అల్పసంఖ్యాకుల హక్కులపై సర్దార్ పటేల్ అధ్యక్షతన పనిచేసిన సలహా సంఘం నివేదిక రాజ్యాంగ సభ ముందుకు వచ్చింది. ప్రత్యేక నియోజకగణాలు ఉండరాదనీ, ఉమ్మడి ఓటర్ల జాబితాతో ప్రత్యేక స్థానాలు ఉండవచ్చుననీ ఆ నివేదిక సారాంశం. అప్పుడు మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికైన తెలుగు సభ్యుడు ఎస్. నాగప్ప ఒక సవరణ ప్రతిపాదించారు. షెడ్యూల్డ్ కులాలకు ప్రత్యేకించిన స్థానంలో గెలిచే అభ్యర్థి తన వర్గం వారు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం పొంది ఉండాలన్నది దాని ఆశయం. ఉమ్మడి ఎన్నికను ఆయన కాదనలేదు. ఉమ్మడి ఎన్నికలో గెలిచిన వ్యక్తిని తన వారు కూడా తమ ప్రతినిధిగా భావించాలని మాత్రమే కోరారు. సర్దార్ పటేల్ దీనిని అంగీకరించలేదు. నాగప్ప సవరణను ఉపసంహరించుకున్నారు.

దేశవిభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ రోజులలో ఓటర్లను ఏ రూపంలోనైనా వర్గాలవారీగా లెక్కించడానికి సభ సిద్ధంగా లేకపోవడం సహజం. 1949 మే నెలలో మతపరమైన అల్పసంఖ్యాకులకు ఉద్దేశించిన ప్రత్యేక స్థానాలను సైతం సభ విరమించుకుంది. షెడ్యూల్డ్ కులాలకూ, తెగలకూ మాత్రం జనాభా నిష్పత్తి ప్రకారం స్థానాలు కేటాయించే ఏర్పాటు 330, 332 అధికరణలలో నిలిచింది. మతం, జాతి, కులం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితానుంచి తొలగించరాదనీ, ప్రతి నియోజకవర్గానికి ఒకే జాబితా ఉండాలనీ 325వ అధికరణ నిర్దేశించింది. అయితే నాగప్ప సవరణ వెనుకనున్న ప్రశ్న అంతటితో ముగియలేదు. ఓటర్లను విడదీయకుండా అల్పసంఖ్యాకుల ఓటుకు బలం చేకూర్చాలంటే మిగిలిన సాధనం ఒక్కటే, అది నియోజకవర్గపు సరిహద్దు.

ద్విసభ్య నియోజకవర్గాలు

మొదటి సార్వత్రిక ఎన్నికలకు లోక్‌సభలో 489 స్థానాలు, 401 నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. వాటిలో 314 ఏకసభ్య నియోజకవర్గాలు, 86 ద్విసభ్య నియోజకవర్గాలు, ఉత్తర బెంగాల్‌లో ఒకటి మాత్రం త్రిసభ్య నియోజకవర్గం. 1957లో 494 స్థానాలకు 312 ఏకసభ్య, 91 ద్విసభ్య నియోజకవర్గాలు ఉన్నాయి. ద్విసభ్య నియోజకవర్గంలో ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. కాని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒకే అభ్యర్థికి ఒకటికంటె ఎక్కువ ఓట్లు వేయడాన్ని నిషేధించింది. 1937లో బొంబాయి ఓటరుకు ఉన్న వెసులుబాటు దీనితో పోయింది.

అంబేడ్కర్ స్వయంగా ఈ ఏర్పాటులో దెబ్బతిన్నారు. 1952లో బొంబాయి ఉత్తర ద్విసభ్య నియోజకవర్గంలో ప్రత్యేక స్థానానికి పోటీచేసిన ఆయన కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ సదోబా కాజ్రోల్కర్ చేతిలో 14,000 పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ప్రత్యేక స్థానమైనా గెలుపోటములను నిర్ణయించేది ఉమ్మడి ఓటర్లేనని ఆ ఫలితం నిరూపించింది.

పార్వతీపురంలో జరిగినది దీనికి మరొక ముఖం. ద్విసభ్య నియోజకవర్గంలో ఓటరు తన రెండవ ఓటును ఎవరికో ఒకరికి వేయాలి, లేదా వదలుకోవాలి. అందువల్ల సాధారణ అభ్యర్థికి ఒక ఓటు వేసినవారు రెండవ ఓటును గిరిజన అభ్యర్థికి వేయడం పరిపాటి. ఆ విధంగా గిరిజన అభ్యర్థులకు అన్ని వర్గాలనుంచీ ఓట్లు చేరేవి. కొండప్రాంతపు గిరిజన ఓటర్లు సైతం తమవారికే రెండు ఓట్లూ వేస్తే ఇద్దరు గిరిజన అభ్యర్థులూ ముందంజలో నిలిచే అవకాశం ఉంది. చట్టం ఊహించని ఫలితమేమీ ఇందులో లేదు. కాని చట్టాన్ని రూపొందించినవారిలో ఎక్కువమంది ఊహించని ఫలితమిది.

గిరి ఈ ఎన్నికను సవాలు చేశారు. ఆయన పక్షాన ముఖ్యంగా రెండు వాదాలు వినిపించాయి. ప్రత్యేక స్థానానికి పోటీ చేస్తున్నట్లు ప్రకటించిన అభ్యర్థిని సాధారణ స్థానానికి ఎన్నికైనట్లు ప్రకటించరాదన్నది మొదటిది. ముఖదొర తెగకు చెందిన సూరిదొర క్షత్రియ ఆచారాలను స్వీకరించినందువల్ల ఆయన ఇక గిరిజనుడు కాడన్నది రెండవది. సుప్రీంకోర్టు 1959లో ఇచ్చిన తీర్పులో ఈ వాదాలను తిరస్కరించింది. షెడ్యూల్డ్ తెగలకు చెందిన వ్యక్తికి సాధారణ స్థానానికి పోటీచేసే హక్కు ఎన్నడూ పోలేదనీ, ప్రత్యేక స్థానం ఆ వర్గానికి దక్కవలసిన కనీస ప్రాతినిధ్యమే గాని గరిష్ఠ పరిమితి కాదనీ ఆ తీర్పు సారాంశం.

న్యాయస్థానం గీసిన ఈ భేదం మౌలికమైనది. ప్రత్యేక స్థానం ఒక వర్గానికి కేటాయించినది. సాధారణ స్థానం మిగిలిన వర్గాలకు కేటాయించినది కాదు, అది అందరిదీ. ఈ సూత్రాన్ని కాగితంపై అంగీకరించడం సులభమే. ఒక గిరిజనుడు జాతీయ నాయకుని ఓడించి సాధారణ స్థానంలో కూర్చున్నప్పుడే దానికి నిజమైన పరీక్ష ఎదురయింది.

1961 చట్టం: లాభనష్టాలు

తీర్పు వెలువడిన రెండేళ్లలోపే, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టానికి చూపిన కారణాలు నిరాధారమైనవి కావు. రాజ్యాంగం తొలిరూపంలో ఒక్కొక్క లోక్‌సభ సభ్యునికి 5 లక్షలకు తగ్గకుండా 7.5 లక్షలకు మించకుండా జనాభాను నిర్దేశించింది. ద్విసభ్య నియోజకవర్గంలో ఇది రెట్టింపు. బస్సు మార్గమైనా లేని ఏజెన్సీ ప్రాంతాలలో ఇంత విశాలమైన నియోజకవర్గంలో తిరగడం పేద అభ్యర్థులకు తలకు మించిన భారం. ఇద్దరు సభ్యులలో ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది తేలక, ప్రజల మొరలు ఇద్దరి మధ్య నలిగిపోయేవి. అయితే ప్రత్యేకించిన వర్గాలవారు సాధారణ స్థానాన్ని సైతం గెలుచుకోగలగడం పట్ల రాజకీయ పక్షాలలో ఏర్పడిన అసహనం సైతం ఈ మార్పుకు దోహదం చేసిందనడం సత్యదూరం కాదు.

చట్టం ప్రకారం ఎన్నికల సంఘం ప్రతి ద్విసభ్య నియోజకవర్గాన్నీ రెండుగా విభజించి, అందులో ఒకదానిని ప్రత్యేక నియోజకవర్గంగా ప్రకటించింది. 1962 ఎన్నికలనుంచి దేశమంతటా ఏకసభ్య నియోజకవర్గాలే. పార్వతీపురం షెడ్యూల్డ్ తెగల ప్రత్యేక నియోజకవర్గం అయింది.

ఈ మార్పువల్ల ఒక లాభమూ, రెండు నష్టాలూ కలిగాయి. నియోజకవర్గం చిన్నదై ప్రతినిధి ప్రజలకు చేరువ కావడం లాభం. ప్రత్యేక నియోజకవర్గంలో ఇతర వర్గాల ఓటర్లకు తమవారిని నిలబెట్టుకొనే అవకాశం లేకపోవడం మొదటి నష్టం. పక్కనే ఉన్న సాధారణ నియోజకవర్గంలో షెడ్యూల్డ్ కులాల, తెగల అభ్యర్థిని నిలబెట్టే ఆలోచనను రాజకీయ పక్షాలు క్రమంగా మానుకోవడం రెండవది. సుప్రీంకోర్టు కనీస పరిమితిగా చెప్పినది ఆచరణలో గరిష్ఠ పరిమితిగా మారిపోయింది. పార్వతీపురం వంటి ఫలితం మళ్లీ రాకపోవడానికి ఆ ఓటర్లు మారడం కారణం కాదు. సరిహద్దు మారడం కారణం.

సరిహద్దు ఎవరు గీస్తారు?

1952, 1962, 1972, 2002 సంవత్సరాలలో చేసిన చట్టాల క్రింద నాలుగు పునర్విభజన సంఘాలు పనిచేశాయి. 2002 చట్టం నిర్దేశించిన సూత్రాలు గమనించదగినవి. నియోజకవర్గం భౌగోళికంగా ఏకఖండంగా ఉండాలి. ప్రకృతి సిద్ధమైన హద్దులు, పరిపాలనా విభాగాల హద్దులు, రాకపోకల వసతి, ప్రజల సౌకర్యం పరిగణించాలి. షెడ్యూల్డ్ తెగల స్థానాలు వారి జనాభా నిష్పత్తి అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో ఉండాలి. షెడ్యూల్డ్ కులాల స్థానాలు మాత్రం రాష్ట్రంలోని వివిధ ప్రాంతాలకు విస్తరించి, వీలైనంతవరకు వారి నిష్పత్తి హెచ్చుగా ఉన్న చోట ఉండాలి.

ఈ రెండు నియమాల మధ్య భేదానికి కారణం జనజీవనంలోనే ఉంది. గిరిజనులు కొండప్రాంతాలలో గుంపుగా నివసిస్తారు. దళితులు దాదాపు ప్రతి గ్రామంలోనూ ఊరి అంచున ఒక వాడగా నివసిస్తారు. అందువల్ల తెగల ప్రత్యేక నియోజకవర్గాలు పలుచోట్ల గిరిజన ఓటర్లే నిర్ణయించగలిగినవి. కులాల ప్రత్యేక నియోజకవర్గాలలో ఎక్కువచోట్ల దళిత ఓటర్లు సగానికంటె తక్కువ. స్థానం దళితునిదే అయినా నిర్ణయం ఇతరులది. నాగప్ప ఆనాడు సూచించిన ఇబ్బంది ఇదే.

1976లో 42వ సవరణ రాష్ట్రాలవారీ స్థానాల సంఖ్యను 2000 వరకు మార్చకుండా నిలిపివేసింది. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా అమలు జరిపిన రాష్ట్రాలు నష్టపోరాదన్నది దాని ఉద్దేశం. 2001లో 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తరువాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగిస్తూ, రాష్ట్రం లోపలి సరిహద్దులను సవరించడానికి వీలు కల్పించింది. 2003లో 87వ సవరణ ఇందుకు 2001 జనగణనను ప్రాతిపదికగా నిర్ణయించింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన సంఘం ఉత్తర్వులు 2008లో అమలులోకి వచ్చాయి. లోక్‌సభలో షెడ్యూల్డ్ కులాల స్థానాలు 79 నుంచి 84కు, తెగల స్థానాలు 41 నుంచి 47కు పెరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కులాల స్థానాలు 39 నుంచి 48కి, తెగల స్థానాలు 15 నుంచి 19కి పెరిగాయి.

ఆ పునర్విభజనలో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం అదృశ్యమై, అరకు ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లా పాలకొండ మొదలుకొని తూర్పు గోదావరి జిల్లా రంపచోడవరం దాకా నాటి నాలుగు జిల్లాలలోని ఏజెన్సీ ప్రాంతాలను కలుపుతూ దీని సరిహద్దు సాగింది. గిరిజనుల ఓటు బలం చెదరకుండా ఒక్కచోట నిలిచింది. అదే సమయంలో, ద్విసభ్య నియోజకవర్గాల రద్దుకు కారణంగా చెప్పిన వైశాల్యం సమస్య మళ్లీ తలెత్తింది. సరిహద్దు విషయంలో ఒక మేలు కోరితే మరొక ఇబ్బంది తప్పదనడానికి ఇది తార్కాణం.

ఒక అల్పసంఖ్యాక వర్గానికి చేసిన మేలు మరొక వర్గానికి నష్టం కలిగించిన సందర్భాలు సైతం ఉన్నాయి. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలలో ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న కొన్ని నియోజకవర్గాలను షెడ్యూల్డ్ కులాలకు ప్రత్యేకించారనీ, దళితుల నిష్పత్తి అంతకంటె ఎక్కువగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు సాధారణ స్థానాలుగా ఉండిపోయాయనీ సచార్ కమిటీ 2006లో తన నివేదికలో పేర్కొన్నది. ప్రత్యేక నియోజకవర్గంలో ముస్లిం అభ్యర్థి నిలబడలేడు. దళితుల హక్కుకు భంగం కలగకుండానే ఈ అన్యాయాన్ని సరిదిద్దవచ్చు. అందుకు చట్టం చెప్పిన నిష్పత్తి సూత్రాన్ని నిక్కచ్చిగా పాటిస్తే చాలు.

గ్రామం వార్డులో

73, 74 సవరణలు 1993లో అమలులోకి వచ్చిన తరువాత ఈ సమస్య ఢిల్లీనుంచి ఊరి నడిబొడ్డుకు చేరింది. పంచాయతీలలో షెడ్యూల్డ్ కులాలకూ, తెగలకూ జనాభా నిష్పత్తి ప్రకారం స్థానాలు ప్రత్యేకించాలని 243డి అధికరణ నిర్దేశించింది. ఆ స్థానాలను వంతులవారీగా వేర్వేరు వార్డులకు మార్చే వీలు కల్పించింది. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలలో కనీసం సగం స్థానాలు గిరిజనులకు ఉండాలన్నది. అయితే వార్డు హద్దులను గీసే పని స్థానిక యంత్రాంగానిదే.

ఉదాహరణకు వెయ్యిమంది ఓటర్లు, పది వార్డులు ఉన్న ఒక గ్రామాన్ని ఊహించవచ్చు. ఒక్కొక్క వార్డులో వందమంది. ఊరిలో దళిత ఓటర్లు 300. వీరిని ప్రతి వార్డులో 30 మంది చొప్పున చీల్చితే పది వార్డులలోనూ నిర్ణయం మిగిలిన 70 మందిది. ప్రత్యేకించిన మూడు వార్డులలో దళిత సభ్యులు గెలిచినా వారిని గెలిపించేది ఇతరులే. వాడను విడదీయకుండా మూడు పూర్తి వార్డులుగా చేస్తే ముగ్గురు సభ్యులను వారే ఎన్నుకుంటారు, మిగిలిన ఏడు వార్డులతో వారికి సంబంధం ఉండదు. అయిదు వార్డులలో 60 మంది చొప్పున ఉండేటట్లు గీస్తే అయిదు వార్డులలో వారిమాట చెల్లుతుంది. ఓటర్లు మారలేదు, వారి సంఖ్య మారలేదు, చట్టమూ మారలేదు. ఒక వీధిని అటు చేర్చడమా, ఇటు చేర్చడమా అన్నదే మారింది. ఒక్కొక్కప్పుడు ఈ నిర్ణయం ఒక గుమాస్తా బల్లమీద ఒక్క మధ్యాహ్నంలో జరిగిపోతుంది.

న్యాయస్థానాలు ఇందులో జోక్యం చేసుకొనే అవకాశం చాలాకాలం పరిమితంగానే ఉన్నది. ఉజ్జయిని నియోజకవర్గాన్ని షెడ్యూల్డ్ కులాలకు ప్రత్యేకించడంపై వచ్చిన మేఘరాజ్ కొఠారీ వ్యాజ్యంలో, పునర్విభజన సంఘం తుది ఉత్తర్వులను ప్రశ్నించడానికి వీలులేదని సుప్రీంకోర్టు 1966లో నిర్ణయించింది. గుజరాత్‌లోని బార్డోలీ స్థానానికి సంబంధించి 2024లో ఇచ్చిన తీర్పులో మాత్రం, ఉత్తర్వు స్పష్టంగా నిరంకుశమైనదీ రాజ్యాంగ విలువలకు విరుద్ధమైనదీ అయినపుడు న్యాయస్థానం పరిశీలించవచ్చునన్నది. అయినప్పటికీ, ఒకసారి సరిహద్దు ఖరారైతే ఓటరుకు మిగిలే మార్గాలు బహు కొద్ది. కావున ముసాయిదా ప్రకటన, అభ్యంతరాల స్వీకరణ, బహిరంగ విచారణ అనే దశలు లాంఛనాలు కావు. సామాన్య ఓటరు తన ఓటు బలం గురించి మాట్లాడగలిగిన సమయం అదొక్కటే. ఆ ముసాయిదా తమకు అర్థమయ్యే భాషలో, తమ వాడ పేరుతో, తమ ఊరి చావడిలో కనిపిస్తేనే ఆ అవకాశం నిజమవుతుంది.

లోక్‌సభ నియోజకవర్గాల జాబితాలో పార్వతీపురం పేరు 2008 తరువాత లేదు. ఆ పేరుతో ఉన్న శాసనసభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు ప్రత్యేకమై, షెడ్యూల్డ్ తెగలకు ప్రత్యేకించిన అరకు లోక్‌సభ నియోజకవర్గంలో భాగమయింది. ఆ పట్టణంలోని ఒకే ఓటరు శాసనసభకు ఒక వర్గపు ప్రతినిధినీ, లోక్‌సభకు మరొక వర్గపు ప్రతినిధినీ ఎన్నుకుంటాడు. 1957లో అదే ప్రాంతపు ఓటరు చేతిలో రెండు ఓట్లున్నాయి. వాటితో ప్రత్యేక స్థానాన్నీ, సాధారణ స్థానాన్నీ కూడా గిరిజనులకు ఇవ్వగలిగాడు. ఆ ఎన్నిక తప్పు కాదని సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. ఆ అవకాశం మళ్లీ రాకుండా పోయినది మాత్రం తీర్పువల్ల కాదు, గీతవల్ల. తరువాతి పునర్విభజనకు పటాలు ముందు పరచుకొని కూర్చునే అధికారులు, ప్రత్యేక స్థానాల లెక్క సరిపోయిందా అన్న ప్రశ్నతోపాటు, ఈ గీత ఎవరి ఓటును బలపరుస్తున్నది, ఎవరి ఓటును పలుచన చేస్తున్నది అన్న ప్రశ్నను కూడా వేసుకోవలసి ఉంటుంది.